అమ్మ ఏరి తెచ్చిన ఐదు రాళ్లు

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మనవి. చదువుతూ చదువుతూ మాట దొరక్క ఆగితే ఎవరూ అందించకండి. కాసేపటికి వస్తుంది. ఈ నాలుగు కాగితాలు రాయడానికే నాకు పది రోజులు పట్టింది.

పద్దెనిమిదేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. నాలుగేళ్ల కింద దేవరకొండ రోడ్డు మీద స్కూటీ వెనక కూర్చుని వస్తూ పడిపోయాను. హెల్మెట్ లేదు. తలకు ఎడమ పక్క దెబ్బ తగిలింది. లోపల రక్తం గడ్డకట్టిందని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. తెలివి వచ్చేసరికి కుడి చెయ్యి లేవడం లేదు, మాట రావడం లేదు. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. నోరు తెరిస్తే మాత్రం ‘అది, అది’ అనే ఒక్క మాటే వచ్చేది.

దీన్ని అఫేసియా అంటారు. చాలామందికి భాషను నడిపేది మెదడు ఎడమ భాగమే. 1861లో ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ‘టాన్’ అన్న మాట తప్ప దాదాపు ఏమీ అనలేని రోగి ఒకరు వచ్చారు. ఆయన పోయాక మెదడు చూస్తే ఎడమ వైపు ముందు భాగం చెడిపోయి ఉంది. చాలా రోజుల తర్వాత ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆయన టాన్ వెనక ఎన్ని మాటలు ఆగిపోయాయో నాకు తెలుసు కదా.

ఆస్పత్రి నుంచి పానగల్లు దగ్గర మా అమ్మగారి ఊరికి పోయాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ పరీక్ష పెట్టేవాళ్లు. ‘నేనెవరో చెప్పు. ఇదేంది? ఈమె ఎవరు, నీ బిడ్డ పేరు చెప్పు.’ ప్రేమతోనే అడిగేవాళ్లు. నా బిడ్డ ఎదురుగా నిలబడి ఉండేది. పేరు నాలుక దాకా కూడా వచ్చేది కాదు. దాని ముఖం చూడలేక గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒక సాయంత్రం పక్కింటి పిల్లగాడు మా అరుగు మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నాడు. ఏడో ఎక్కం. ‘ఏడేడుల నలభై తొమ్మిది, ఏడెనిమిదుల...’ అని ఆగిపోయాడు. ‘యాభై ఆరు’ అన్నాను నేను. అక్కడితో ఆగలేదు. ఏడు తొమ్మిదుల అరవై మూడు, ఏడు పదుల డెబ్బై. చిన్నప్పుడు బడిలో పాడిన ఆ రాగంలోనే వచ్చింది. అమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. బియ్యం కింద పోయినయ్.

బిడ్డ పేరు రానిదానికి ఎక్కం ఎట్లా వచ్చింది? స్పీచ్ థెరపిస్టు చెప్పింది: ఎక్కాలు, వారాల పేర్లు, అంకెలు మాటల్లాగా వెతుక్కుని చెప్పేవి కావు, వరుసగా దొర్లుకుంటూ వచ్చేవి. ఎడమ పక్క దెబ్బతిన్నా అవి తరచుగా మిగులుతాయి. పాట కూడా అంతే. పాటలాగా పలికించి మాట నేర్పే పద్ధతిని 1973లోనే అమెరికాలో మొదలుపెట్టారు. ఆ ఏడు బతుకమ్మకు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టి తిరుగుతుంటే, చరణం రాకపోయినా ‘ఉయ్యాలో’ మాత్రం నేను తాళం తప్పకుండా అందుకున్నాను.

జ్ఞాపకాల లెక్క వేరే. 1881లోనే రిబో అనే ఫ్రెంచి పండితుడు రాశాడు, మెదడు దెబ్బతింటే కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి నిలుస్తాయి అని. 1953లో మూర్ఛ తగ్గడానికి హెన్రీ మోలైసన్ అనే అమెరికన్‌కు ఆపరేషన్ చేశారు. అప్పటి నుంచి 2008లో చనిపోయేదాకా కొత్త సంగతి దాదాపు ఏదీ ఆయన మనసులో నిలవలేదు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పేవాడు. నాకూ ప్రమాదం ముందు వారం ఇప్పటికీ ఖాళీయే. నాలుగో తరగతిలో పలక తుడిచే తడిబట్ట వాసన ఎట్లుండేదో మాత్రం గుర్తుంది.

ఇక్కడ ఇంట్లో రోగి ఉన్నవాళ్లకు ఒకటి చెప్పాలి. చుట్టాల్లో ఒకామె నాతో గట్టిగా, ముద్దుముద్దుగా, ‘బువ్వ తిన్నవా, మంచిగ తిన్నవా’ అని అడిగేది. నాకు నలభై ఒక్క ఏళ్లు. తెలివి ఎటూ పోలేదు, మాటే పోయింది. అట్లా మాట్లాడితే లోపల ఎంత కాలుతుందో చెప్పలేను. దయచేసి అట్లా చెయ్యకండి.

అమ్మ అట్లా ఎప్పుడూ చెయ్యలేదు. ఫిజియోథెరపీకి ఇచ్చిన రబ్బరు బంతిని నేను విసిరికొట్టిన రోజు ఆమె ఏమీ అనలేదు. మర్నాడు వాకిట్లోంచి ఐదు నున్నటి రాళ్లు ఏరి, కడిగి, నా ముందు పోసింది. కచ్చకాయలు. తొమ్మిదేళ్లప్పుడు మా వాడలో నన్ను ఓడించినవాళ్లు లేరు. అమ్మ ఎదురుగా కూర్చుని ఒక రాయి ఎగరేసి, ఇంకోటి తీసి పట్టుకుంది. ‘ఇగ నీ వంతు’ అంది.

వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఎడమ చేత్తో వాటిని తెరిచి, రాయి మీద పెట్టాను. రాయి పక్కకు జారింది. మళ్లీ పెట్టాను. ఎగరేయడం తర్వాత సంగతి, రాయిని నేల మీది నుంచి లేపడానికే పదకొండు రోజులు పట్టింది. లేపిన రోజు చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య దాని చల్లదనం తెలిసింది. పడిపోయిన తర్వాత ఆ చేతికి తెలిసిన మొదటి చల్లదనం అదే. ‘పడితే మళ్ల ఏరుదువు బిడ్డా’ అంది అమ్మ.

నేను పడిపోయే ముందు రోజు నాటి టీచరమ్మ కోసం అందరూ వెతికారు. నేనూ వెతికాను. ఆమె దొరకలేదు. దొరికింది తొమ్మిదేళ్ల పిల్ల. ఓడితే ఒప్పుకోని, మొండిగా మళ్లీ రాళ్లు పరిచే పిల్ల. దానికి రేపటి టెన్షన్ లేదు. పోయిన ఉద్యోగం సంగతి తెలియదు. మందులు మానొద్దు, థెరపీ మానొద్దు, వాటి పని వాటిదే. కానీ థెరపీకి రోజూ లేచి కూర్చునే మొండితనం నాకు ఆ పిల్లే ఇచ్చింది.

నా బిడ్డ పేరు ఏడో నెలలో వచ్చింది. ఆట మధ్యలో, ‘నీ వంతు’ అనబోతే ముందు పేరు వచ్చింది. అది రాళ్లు వదిలేసి నా మీద పడింది.

ఇప్పుడు ఒకట్లు, రెండ్లు అయ్యాయి. మూడ్లు రోజుకోసారి కుదురుతాయి. నాలుగు రాళ్లు ఒక్కసారి ఇంకా అందడం లేదు. సంచిలో రాళ్లు తెచ్చాను. మీలో ఆట వచ్చినవాళ్లు ఉంటే కొంచెం సేపు ఉండండి, ఆ ముందు వరుస దగ్గర నేల మీద కూర్చుందాం.