కొనడానికి పద్దు ఉంది, బాగుచేయడానికి లేదు

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో జరిగిన సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, జనగామ, ములుగు, పరకాల, నర్సంపేట నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన సార్లకు, టీచరమ్మలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గాని, పిల్లలు పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నారు. అందరికీ కలిపి ఒకటే దండం పెడుతున్నా, స్వీకరించండి.

‘అంతరిక్ష టెలిస్కోపులు: ఒక పరిచయం’ అని కరపత్రంలో వేశారు. పరిచయం చేస్తాను. కాని నా మనసులో ఉన్నది ముందే చెప్పేస్తాను. రాకెట్ ఎగరడం గురించి మీకు టీవీలు చెప్తాయి, పేపర్లు చెప్తాయి. పైకి పోయింది చెడిపోతే ఎవరు బాగుచేశారు, ఏ పానాతో, ఎట్లా చేశారు అన్నది చెప్పేవాళ్లు తక్కువ. నేను దాని కోసమే వచ్చాను.

టెలిస్కోపును పైకి ఎందుకు పంపాలి? మన తల మీది గాలి నక్షత్రాల వెలుగును వణికిస్తుంది. ఎక్స్ కిరణాలను, అతినీలలోహితంలో చాలా భాగాన్ని కిందికే రానివ్వదు. పరారుణాన్ని నీటి ఆవిరి మింగేస్తుంది. గాలిని దాటి పోవాలని 1946లోనే లైమన్ స్పిట్జర్ అనే అమెరికా శాస్త్రవేత్త రాశాడు. అప్పటికి ఒక్క ఉపగ్రహం కూడా లేదు. ఆయన మాట నిజం కావడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1986లో హబుల్ అనే అంతరిక్ష టెలిస్కోపు పోవాల్సింది. ఆ జనవరి 28న, మనుషుల్నీ సామాన్నీ పైకి మోసుకెళ్లే చాలెంజర్ షటిల్ పేలిపోయి ఏడుగురు చనిపోయారు. షటిళ్లన్నీ ఆగిపోయాయి, హబుల్ షెడ్డులోనే ఉండిపోయింది.

1986 అంటే ఇక్కడ పెద్దవాళ్లకు ఇంకోటి యాదికి రావాలి. హేలీ తోకచుక్క. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. తోకచుక్క కోసమని మా కాలేజీలో చందాలు వేసుకుని ఆరంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు కొన్నాం. బట్టల దుకాణాల వాళ్లిచ్చారు, రైసుమిల్లు వాళ్లిచ్చారు, కూలికి పోయే తల్లిదండ్రులు కూడా ఇచ్చారు. ఆ టెలిస్కోపు సంగతి తర్వాత చెప్తాను. దాని సంగతి చెప్పకుండా మాత్రం దిగను.

1990 ఏప్రిల్ 24న డిస్కవరీ షటిల్ హబుల్‌ను మోసుకెళ్లింది. 2.4 మీటర్ల అద్దం, ఏళ్ల తరబడి చెక్కి నునుపు చేసింది. తీరా బొమ్మలొస్తే మసక. ఎంత ఫోకస్ చేసినా చుక్క చుట్టూ పొగలాంటి వలయం. పిల్లలూ, ఇక్కడ జర జాగ్రత్తగా వినండి, మీరు ల్యాబులో చేసే పనికి ఇది సంబంధించింది. అద్దం వంపు సరిగా వస్తోందా లేదా అని కొలిచే పరికరంలో ఒక కటకాన్ని 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించారు. కొలిచేదే తప్పు చెప్తే చెక్కేవాళ్లు ఆ తప్పుకు తగ్గట్టే, ఎంతో నేర్పుగా, అద్దాన్ని చెక్కారు. అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగింది. మన తలవెంట్రుక మందంలో అది యాభయ్యో వంతు. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, వేరే రెండు పరికరాలు తేడా ఉందని చూపించాయి. వాటి నాణ్యత తక్కువ అనుకుని పక్కన పెట్టారు. మీ ప్రాక్టికల్స్‌లో మూడు రీడింగులు తీసుకుని, నచ్చనిదాన్ని రబ్బరుతో చెరిపేయబోతున్నప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అద్దాన్ని పైన మార్చడం కుదరదు. కిందికి తెస్తే మళ్లీ పోతుందన్న నమ్మకం లేదు. అప్పుడు జిమ్ క్రాకర్ అనే ఇంజనీరు జర్మనీలో ఒక హోటల్లో స్నానం చేస్తూ గోడకున్న షవర్‌ను చూశాడు. పైకి కిందికి జరుగుతుంది, మడత పడుతుంది. చిన్న చిన్న అద్దాలను అట్లాంటి చేతులకు తగిలించి, వెలుగు దారిలోకి తెరిస్తే అద్దం తప్పును అవే దిద్దుతాయి కదా అనుకున్నాడు. నాణెమంత పది అద్దాలు! కాస్టార్ అని దానికి పేరు. దానికి చోటు కోసం అందులో ఉన్న ఒక మంచి పరికరాన్ని తీసేశారు. కొత్త కెమెరాకైతే దిద్దుబాటు లోపలే పెట్టి పంపారు.

1993 డిసెంబర్‌లో వ్యోమగాములు ఎండీవర్ షటిల్‌లో పోయారు. అయిదుసార్లు బయటికి వచ్చి పనిచేశారు. సౌరఫలకాల్లో ఒకటి వంగిపోయి చుట్టుకోవడం లేదు. దాన్ని ఊడదీసి, కాథరిన్ థార్న్‌టన్ అనే ఆమె షటిల్ రోబో చెయ్యి చివర నిలబడి రెండు చేతుల్తో తల మీద పట్టుకుంది. కింద భూమి తిరుగుతోంది. చెప్పిన క్షణానికి వదిలేసింది. షటిల్ వెనక్కి జరుగుతుంటే దాని ఇంజన్ల గాలికి ఆ ఫలకం పక్షిలా రెక్కలాడిస్తూ పోయింది. పనిమంతురాలు అంటే ఎట్లా ఉంటుందో ఆడపిల్లలు ఆ వీడియో చూసి తెలుసుకోవాలి. ఇంటికి పోయి తప్పకుండా చూడండి.

హబుల్ ఇంత కాలం బతకడానికి కారణం దాన్ని మొదటి రోజు నుంచే మరమ్మతు కోసం తయారు చేయడం. పట్టుకోవడానికి ఒంటి నిండా పసుపురంగు కడ్డీలు. తలుపు తీసి పెట్టెలను పెట్టెలుగా లాగి మార్చే ఏర్పాటు. 1997లో పోయారు, 1999లో పోయారు, 2002లో పోయారు. 1999లోనైతే దిక్కు చూపే గైరోస్కోపులు ఆరింటిలో నాలుగు పోయి హబుల్ పని ఆపేసి కూర్చుంది, వెంటనే పోయి లేపారు. 2002లో పోయింది కొలంబియా షటిల్. దాని తర్వాతి ప్రయాణమే మన కల్పనా చావ్లాది. 2003 ఫిబ్రవరి 1. ఆ రోజు సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత 2004 జనవరిలో, మనుషుల ప్రాణాలకు ప్రమాదం కాబట్టి ఇక హబుల్ దగ్గరికి ఎవరినీ పంపమని నాసా ప్రకటించింది. ప్రాణం విలువ తెలిసి చెప్పిన మాటే అది. అయినా శాస్త్రవేత్తలు, మామూలు జనం, బడిపిల్లలు ఊరుకోలేదు, ఉత్తరాలు రాశారు. 2006 అక్టోబర్‌లో నిర్ణయం మారింది. అట్లాంటిస్ షటిల్ పోయేటప్పుడు, ఆపద వస్తే కాపాడటానికి ఇంకో షటిల్‌ను పక్క వేదిక మీద సిద్ధంగా నిలబెట్టారు.

2009 మే నెల. హబుల్‌లో వెలుగును రంగులుగా విడదీసే స్టిస్ అనే పరికరం దాదాపు అయిదేళ్ల ముందే కరెంటు పోయి పడి ఉంది. అంతరిక్షంలో దాన్ని విప్పుతారని ఎవరూ అనుకోలేదు, అందుకే దాని మూతకు 111 చిన్న మరలు బిగించారు. ఒక్క మర తేలి లోపల పడ్డా ప్రమాదమే. ఆ 111 మరలూ ఊడాక చిక్కుకునేలా ఒక పలకను ప్రత్యేకంగా చేశారు. ఆ పలక పెట్టాలంటే అడ్డంగా ఉన్న చేతికడ్డీ తీయాలి. దానికి నాలుగు పెద్ద మరలు. వ్యోమగామి మైక్ మాసిమినో మూడు తీశాడు. నాలుగోది తల అరిగిపోయింది! తిప్పితే తిరుగుతోంది గాని రావడం లేదు. కింద నాసావాళ్ల గాడర్డ్ కేంద్రంలో అది ఆదివారం. అయినా ఇంజనీర్లు పరుగెత్తి, అట్లాంటి కడ్డీనే బిగించి, ఎంత బలంతో లాగితే విరుగుతుందో కొలిచి కబురు పంపారు. అతను పట్టుకుని గుంజాడు. విరిగింది. తర్వాత 111 మరలూ తీశాడు. స్టిస్ మళ్లీ వెలిగింది. ఈ సంగతి నేను ఎప్పుడు చెప్పినా నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కోట్ల డాలర్ల టెలిస్కోపు ఒక అరిగిన మర దగ్గర ఆగింది. దాన్ని కదిలించింది చేతిబలం, కింద ఆదివారం పూట కొలిచిన కొలత.

ఇప్పుడు మా టెలిస్కోపు సంగతి. దాన్ని మా ల్యాబ్ అటెండర్ ఒకాయన చూసుకునేవాడు. పెద్దగా చదువుకోలేదు. డాబా మీదికి భుజాన మోసేది ఆయనే, పడమటి గాలి వీస్తే బట్ట కప్పేది ఆయనే. స్వేదనజలంలో దూది ముంచి, అద్దాన్ని రుద్దకుండా, దూదిని దాని బరువుతోనే జార్చేవాడు. ఆ పద్ధతి నేను ఒక్కసారి చూపిస్తే, నాకంటే బాగా చేశాడు. శనిగ్రహ వలయం చూసి ఆడపిల్లలు కేకలు వేస్తుంటే ఆయన మొహం చూడాలి.

అద్దం మీది అల్యూమినియం పూత కొన్నేళ్లకు చెమ్మకు మాసిపోతుంది. అద్దం బాగానే ఉంటుంది, పూత మళ్లీ వేయిస్తే చాలు. కొత్తదానికయ్యే ఖర్చులో కొంత. నేను దరఖాస్తు పెట్టాను. జవాబొచ్చింది: కొత్తది కొనడానికి పద్దు ఉంది, మరమ్మతుకు పద్దు లేదు, పాతదాన్ని కండెమ్ చేసి రాసివ్వండి, కొత్తది మంజూరు చేస్తాం. ఎన్నిసార్లు తిరిగినా అదే మాట. జనం చందాలతో కొన్న టెలిస్కోపును కండెమ్ చేశారు. కొత్తది వచ్చింది, ప్లాస్టిక్ మరలది. ఒక వానాకాలం దాటకముందే దాని స్టాండు ఊగిపోయింది. దాన్ని బాగుచేయడానికీ పద్దు లేదు. బీరువాలో పెట్టి తాళం వేశారు. అటెండర్ పదవీ విరమణ రోజున ఒక దండ కూడా వేయలేదు.

ఈ హాల్లో ల్యాబ్ అటెండర్లు, మెకానిక్కులు ఎవరైనా ఉంటే లేవండి. మొహమాటపడకండి. వెనక ఇద్దరున్నారు. రండి అన్నా, ముందుకొచ్చి కూర్చోండి. పిల్లలూ, వీళ్లకు చప్పట్లు కొట్టండి.

మన పాకాల చెరువు, రామప్ప చెరువు కాకతీయుల కాలం నాటివి, ఎనిమిది వందల ఏళ్లవి. కట్టించినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. వాన రాత్రి తూము దగ్గర కాపు కాసిన నీరటి పేరు ఏ రాయి మీద ఉంది? ఆ నీరటి లేకుండా కట్ట నిలిచేదా చెప్పండి. హబుల్ దగ్గరికి పోయినవాళ్లను నేను నీరటివాళ్లే అంటాను.

టైం అయిపోతోందని చీటీ వచ్చింది. పోలిక చెప్పమని పిల్లలు ముందే అడిగారు, హబుల్ గొప్పదా జేమ్స్ వెబ్ గొప్పదా అని. వెబ్ 2021 డిసెంబర్ 25న మన టైములో సాయంత్రం దాదాపు ఆరింటికి ఫ్రెంచి గయానా నుంచి ఏరియన్ 5 రాకెట్ మీద పోయింది. దాని అద్దం 6.5 మీటర్లు, బంగారు పూతతో 18 ముక్కలు. వెలుగు పట్టే వైశాల్యం హబుల్‌కంటే అయిదు రెట్లకు పైనే. కాని అది పరారుణం చూస్తుంది, ఆ తరంగాలు పొడవైనవి. అందుకే అంత పెద్ద అద్దమున్నా బొమ్మ పదును దాదాపు హబుల్ పదునంతే. ఏది ఎక్కువ అనడం కంటే ఏది ఏం చూస్తుంది అని అడగండి. దుమ్ము మబ్బు లోపల పుడుతున్న నక్షత్రాలు వెబ్‌కు కనిపిస్తాయి. ఈ రెండింటిలో అతినీలలోహితం హబుల్‌కే కనిపిస్తుంది.

మనదీ ఒకటుంది, ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్వీ మీద పోయింది. దాని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం 38 సెంటీమీటర్లే. అది ఒక్క చూపులో దాదాపు నిండు చంద్రుడంత ఆకాశం చూస్తుంది, హబుల్ కెమెరాకు అందులో చిన్న ముక్కే అందుతుంది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన తీవ్ర అతినీలలోహిత కాంతిని మన టెలిస్కోపు పట్టుకుంది. హబుల్‌కు అది చిక్కలేదు. పుణె శాస్త్రవేత్త కనక్ సాహా బృందం 2020లో ప్రకటించింది. గర్వపడండి. అయిదేళ్ల కోసం పంపిన ఆస్ట్రోశాట్ పదేళ్లు దాటింది. కాని దానిలో ఒక ఛానెల్ ఎప్పుడో మూగబోయింది. 650 కిలోమీటర్ల పైకి పోయి దాన్ని విప్పే చెయ్యి మనకు లేదు.

వెబ్ దగ్గరికి కూడా ఎవరూ పోలేరు, పదిహేను లక్షల కిలోమీటర్ల దూరం. విచ్చుకునేటప్పుడు 344 చోట్ల ఏ ఒక్కటి చెడినా పని గోవింద. అందుకని మరమ్మతును లోపలే పెట్టి పంపారు. అద్దంలో ప్రతి ముక్క వెనకా ఏడు మోటార్లు. 2022 మేలో ఒక ఉల్కరేణువు తగిలి ఒక ముక్క దెబ్బతింటే, ఆ ముక్కను ఇక్కడి నుంచే సర్ది తేడాను కొంత తగ్గించారు. చైనావాళ్లు తయారు చేస్తున్న షుంటియన్ టెలిస్కోపును తమ అంతరిక్ష కేంద్రం తిరిగే కక్ష్యలోనే తిప్పుతారట, చెడితే దగ్గరికి వచ్చి అతుక్కునేలా. నాకు బాగా నచ్చిన ఆలోచన ఇది. మన ఇస్రో 2025 జనవరి 16న స్పేడెక్స్‌తో రెండు ఉపగ్రహాలను పైన కలిపి చూపించింది. కలపడం వస్తే బాగుచేయడానికి తలుపు తెరుచుకున్నట్టే. ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు ఎంతమంది వచ్చారు? ఆ తలుపులోంచి పోవాల్సింది మీరే. మీ చేతికున్న పనితనం ఇంకెవరికీ రాదు.

హబుల్ 2024 జూన్ నుంచి ఒకే గైరోస్కోపుతో దిక్కు చూసుకుంటోంది. షటిళ్లు లేవు. గాలి పొర అంచులు రాసుకుని కక్ష్య కొంచెం కొంచెం దిగుతోంది. కడసారి పోయినవాళ్లు, ఎప్పటికైనా ఎవరైనా వచ్చి పట్టుకోవడానికి దాని అడుగున ఒక వలయం బిగించి వచ్చారు. అది ఇంకా అక్కడే ఉంది.

సార్లూ, అమ్మలూ, చివరిగా మీతో ఒక పని ఉంది. వచ్చే సోమవారం మీ బడుల్లో, కాలేజీల్లో ల్యాబ్ బీరువాలు తెరవండి. చెడిన మైక్రోస్కోపులు, మసకబారిన టెలిస్కోపులు ఎన్నున్నాయో, దేనికి ఏం కావాలో కాగితం మీద రాయండి. కొనుగోలుకు ఉన్నట్టే మరమ్మతుకూ ల్యాబుల్లో విడిగా పద్దు పెట్టాలని కోరుతూ ఒక వినతిపత్రం రాసి పెట్టాను. గుమ్మం పక్క బల్ల మీద ఉంది. మీ జాబితాలు దానికి జతచేసి కలెక్టరుగారికి ఇద్దాం. పోయేటప్పుడు సంతకం చేసి, ఏ ఊరో, ఏ బడో రాయండి. వెనక నుంచి ముందుకొచ్చిన అన్నలిద్దరి సంతకాలు మొదట ఉండాలని నా కోరిక. పిల్లలు ప్రశ్నలు అడగొచ్చు, నేను ఇక్కడే ఉంటాను.