తెల్లబట్టకు కారణం ఒకటే కాదు
(అనంతపురంలో పొదుపు సంఘాల మహిళలు, ఆశా కార్యకర్తల ముందు ఒక ల్యాబ్ డాక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

మన వైపు తెల్లబట్ట అవుతోందంటే మొదట వచ్చే మాట 'వేడి చేసింది'. శెనక్కాయ చేన్లో ఎండకు మాడే మనిషికి అది నిజమే అనిపిస్తుంది. మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతారు. తాగండి, ఒంటికి మంచివే. కానీ ఇన్ఫెక్షన్ వాటితో పోదు.

నెల మధ్యలో వాసన, దురద లేకుండా కొద్దిగా జిగురుగా అయ్యేది జబ్బు కాదు, టెన్షన్ పడొద్దు. చెడు వాసన, దురద, మంట, పచ్చటి రంగు ఉంటే మాత్రం పరీక్ష కావాలి. ఎక్కువగా కనిపించే కారణాలు మూడు. లోపల మనల్ని కాపాడే మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్. క్యాండిడా అనే ఫంగస్ రెండోది. ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి మూడోది. ఫంగస్ మాత్ర మిగతా రెండింటికీ పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రతో చాలామందికి తగ్గనిది అందుకే.

పెరుగు విరిగినట్టుంటే ఫంగస్, చేప వాసనైతే బ్యాక్టీరియా అంటారు. అది అంచనాకే పనికొస్తుంది. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. అందుకే దూదిపుల్లతో కాస్త స్రావం తీసి, పులుపు గుణం ఎంతుందో చూపే పీహెచ్ కాగితానికి అద్దుతాం. మామూలుగా 4.5 లోపే ఉంటుంది. అది దాటితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ గానీ ట్రైకోమోనాస్ గానీ అని అనుమానిస్తాం. ఫంగస్‌లో సాధారణంగా మారదు. స్రావాన్ని గాజు స్లైడ్ మీద పెట్టి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ అనే రసాయనం చుక్క వేస్తే బ్యాక్టీరియా వల్ల వచ్చిన చేప వాసన గుప్పుమంటుంది. ఫంగస్ పోగులు మైక్రోస్కోప్‌లో తేటగా కనిపిస్తాయి. ఇంకో స్లైడ్ మీద సెలైన్ చుక్క వేసి చూస్తే ట్రైకోమోనాస్ వణుకుతూ కదులుతుంది.

ఈ కదలికే నాకు బెంగ. చల్లబడినా, ఆలస్యమైనా అది ఆగిపోతుంది. ఊళ్లో పొద్దున తీసి మధ్యాహ్నానికి టౌన్‌కు పంపితే 'కనిపించలేదు' అని రిపోర్టు వస్తుంది, జబ్బు మాత్రం ఆమెలోనే ఉంటుంది. శాంపిల్ తీసిన చోటే, తీసిన కొద్ది నిమిషాల్లో స్లైడ్ చూడాలి. ఇది ప్రతి ఆడమనిషికీ దక్కాల్సిన పరీక్ష.

ట్రైకోమోనాస్ అని తేలితే భర్తకూ మందు ఇవ్వాలి. ఆయనకు ఏ బాధా లేకపోయినా సరే, ఇవ్వకపోతే మళ్లీ అంటుకుంటుంది. ఫంగస్ మాటిమాటికీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించాలి.

ఆశా అక్కలారా, పరీక్షకు తీసుకొచ్చే ముందు వాళ్లకు చెప్పండి. రెండు రోజులు లోపల మందు బిళ్ల పెట్టుకోవద్దు, సబ్బుతో గానీ డెటాల్‌తో గానీ లోపల కడగొద్దు. నెల తప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పమనండి.