కాగడా, తెరచాప: కోల్‌కతా క్లబ్బుల జెండాలు, మన హైదరాబాద్ ఫుట్‌బాల్

నమస్తే అండి. స్క్రీన్ మీద రెండు జెండాలు కనిపిస్తున్నాయి కదా. ఎరుపు, బంగారు రంగుల్లో, కాగడా పట్టుకున్న చెయ్యి గుర్తుతో ఉన్నది ఈస్ట్ బెంగాల్. ఆకుపచ్చ, మెరూన్ రంగుల్లో, తెరచాప ఎత్తిన పడవతో ఉన్నది మోహన్ బగాన్. కోల్‌కతాలో డెర్బీ రోజు, అంటే ఈ రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్ ఉన్న రోజు, ఏ బాల్కనీకి ఏ జెండా కట్టారో చూస్తే, ఆ ఇంటి తాతముత్తాతలు ఏ ప్రాంతం వాళ్ళో చాలావరకు చెప్పేయొచ్చు. గెలిస్తే రాత్రికి ఏం వండుతారో కూడా! ఈస్ట్ బెంగాల్ ఇంట్లో ఇలిష్, అంటే మన గోదావరి పులసే. మోహన్ బగాన్ ఇంట్లో రొయ్యలు.

ముందు మోహన్ బగాన్ సంగతి. క్లబ్ పుట్టింది 1889 ఆగస్టు 15న. 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ అనే టోర్నీ ఫైనల్‌లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌తో తలపడింది. అవతల బూట్లు వేసుకున్న బ్రిటిష్ సైనికులు. ఇవతల సుధీర్ ఛటర్జీ తప్ప మిగతా పదిమందీ ఉత్తకాళ్ళతోనే దిగారు. మొదటి గోల్ తెల్లవాళ్ళదే. తర్వాత కెప్టెన్ శిబ్‌దాస్ భాదురి స్కోరు సమం చేశాడు, చివర్లో అభిలాష్ ఘోష్ రెండో గోల్ కొట్టాడు. 2-1. ఆ సాయంత్రం గురించి కోల్‌కతాలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఫోర్ట్ విలియం కోట మీద ఎగురుతున్న బ్రిటిష్ జెండా యూనియన్ జాక్‌ని చూపించి, 'మరి అదెప్పుడు దిగుతుంది?' అని ఒక పెద్దాయన అడిగాడట. 'మోహన్ బగాన్ మళ్ళీ షీల్డ్ గెలిచినప్పుడు' అని జవాబు వచ్చిందట. కథ నిజమో కాదో గానీ, మోహన్ బగాన్ ఆ షీల్డ్‌ని మళ్ళీ గెలిచింది మాత్రం 1947లోనే!

ఈస్ట్ బెంగాల్ మాత్రం ఒక అవమానంలోంచి పుట్టింది. 1920 జులై 28న కూచ్ బెహార్ కప్‌లో మోహన్ బగాన్‌తో జోడాబగాన్ క్లబ్ మ్యాచ్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శైలేష్ బోస్‌ని జోడాబగాన్ జట్టులోంచి తీసేశారు. క్లబ్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి కారణం అడిగితే ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. ఆయన బయటికి వచ్చేసి, మరికొందరితో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్ పెట్టేశారు. మూడు నాలుగు రోజుల్లో! రంగుల సంగతి ఇంకా బాగుంటుంది. చౌరంగీలో వైట్‌అవే లైడ్లా అనే పెద్ద షాపులో వేలాడదీసిన ఎరుపు, బంగారు రంగుల చొక్కా వీళ్ళ కళ్ళలో పడింది. అదే ఖాయం చేశారు. వందేళ్ళుగా లక్షలమంది ప్రాణంగా చూసుకుంటున్న రంగులు షాపులో చొక్కా బాగుందని తీసుకున్నవి.

ఆ రంగులకు విలువ తెచ్చింది 1930. శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఆ ఏడాది లీగ్ మధ్యలో ఆగిపోయింది. పై డివిజన్‌కి వెళ్ళాల్సిన ఈస్ట్ బెంగాల్‌కి ప్రమోషన్ ఇవ్వలేదు. అభిమానులు కాగడాలు వెలిగించి రోడ్ల మీదికి వచ్చారు. జెండా మీది కాగడా ఆ రాత్రిదే. దేశ విభజన తర్వాత సర్వం పోగొట్టుకుని కోల్‌కతా చేరిన కుటుంబాలకు, తమ ఊరి పేరుతో మిగిలినది ఆ క్లబ్ ఒక్కటే. అందుకే అంత పట్టుదల.

ఇంకో విషయం చూపిస్తాను. బెంగాలీ సంవత్సరాది రోజు మైదాన్‌లోని క్లబ్బులన్నీ బార్ పూజ చేస్తాయి. గోల్‌పోస్టుకి పూలదండలు వేసి, బొట్టు పెట్టి, పురోహితుడితో మంత్రాలు చదివిస్తారు. మనం దసరాకి బండికి పూజ చేసినంత శ్రద్ధగా!

ఇలాంటి చోట 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ టీమ్‌ని ఏటీకే అనే ఫ్రాంచైజీతో కలిపారు. రంగులు అవే, పడవ అదే. పేరు ముందు మాత్రం మూడు అక్షరాలు చేరాయి. అభిమానులు ఊరుకోలేదు. ఆ మూడు అక్షరాలు తీసేయాలని మూడేళ్ళు గొడవ చేశారు. 2023లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచాక యాజమాన్యం తీసేసింది. వాళ్ళు చేసింది వంద శాతం కరెక్ట్ అంటాను నేను.

2024 ఆగస్టు 18న ఇంకా పెద్ద విషయం జరిగింది. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టర్‌పై జరిగిన అత్యాచారం, హత్య మీద నగరం రగిలిపోతున్న సమయం. భద్రత కారణం చెప్పి ఆ రోజు డెర్బీని రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా సాల్ట్‌లేక్ స్టేడియం బయటికి రెండు క్లబ్బుల అభిమానులూ న్యాయం కావాలంటూ వచ్చారు, వాళ్ళతో కోల్‌కతాలోనే ఇంకో క్లబ్ అయిన నలుపు-తెలుపు మహమ్మదన్ స్పోర్టింగ్ వాళ్ళు కూడా. మామూలుగా ఒకే స్టాండ్‌లో కలిసి కనిపించని జెండాలు ఆ రోజు పక్కపక్కనే ఎగిరాయి.

ఇక మన సంగతి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు, 1961లో ఆ టీమ్‌కి కెప్టెన్ అయ్యాడు. ఆట అయిపోయాక కూడా అక్కడే ఉండిపోయాడు. 2023లో కోల్‌కతాలోనే కన్నుమూశాడు. ఆయన్ని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన నడిపించిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌నే ఓడించింది.

అంత గొప్ప టీమ్ రంగులేంటని ఈరోజు హైదరాబాద్‌లో అడిగితే చెప్పేవాళ్ళు ఎంతమంది? అది డిపార్ట్‌మెంట్ టీమ్. పేటలవాళ్ళు, బస్తీలవాళ్ళు సభ్యత్వాలు కట్టి నిలబెట్టుకున్న క్లబ్ కాదు. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిచింది, పసుపు జెర్సీలు కొనుక్కుని మనమూ సంబరపడ్డాం. 2024లో యజమాని మారాడు, 2025లో టీమ్ ఢిల్లీ వెళ్ళిపోయింది. మోహన్ బగాన్ వాళ్ళలా మూడేళ్ళు పోట్లాడేంత మందిమి మనం లేకపోయాం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ ఇంట్లో తాతల నాటి సిటీ పోలీస్ టీమ్ ఫొటో గానీ, జెర్సీ గానీ, మ్యాచ్ టికెట్ గానీ ఉంటే ఫొటో తీసి మాకు పంపండి. ఆ టీమ్ మీద పూర్తి వీడియో చేద్దాం.