బాండ్ ఎప్పుడొస్తాడు?

వదిన: ...ఎర్ర లైటు వెలిగిందా? సరే. నమస్కారమండీ. ఈవారం చెప్తామన్నది జేమ్స్ బాండ్‌ని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన ‘ది స్పై హూ లవ్డ్ మీ’. సినిమా కాదు, 1962లో వచ్చిన నవల.

శ్రీను: పొరటు నవల.

వదిన: అప్పుడేనా! కాస్త ఆగు.

శ్రీను: ఎలా ఆగను వదినా? ఇద్దరు రౌడీలు తుపాకులేసుకుని మోటెల్లో దిగుతారు. అక్కడున్న పిల్లతో ముందు చేయించేది కోడిగుడ్ల పొరటే కదా.

వదిన: కథ చెప్పనీ. వివియెన్ మిషెల్ అని కెనడా అమ్మాయి. స్కూటరేసుకుని అమెరికాలో దిగువకి పోతూ, అడిరోండాక్ కొండల్లో ఒక మోటెల్లో ఒంటరిగా ఉండాల్సొస్తుంది. ఇన్సూరెన్సు డబ్బుల కోసం దాన్ని తగలెట్టమని ఓనరే ఆ ఇద్దర్నీ పంపిస్తాడు. కారు టైరు పంక్చరై బాండ్ అటొస్తాడు. నేను, వాళ్ళు, అతను అని మూడు భాగాలు. ఆ ‘అతను’ వచ్చేసరికి పుస్తకం మూడింట రెండొంతులు అయిపోతుంది.

శ్రీను: నేనైతే అద్దె పుస్తకాల షాపాయన బల్ల మీద పడేసి అద్దె వెనక్కిమ్మనేవాణ్ణి.

వదిన: నువ్వా? ఆయన్నా? నీలం గొడుగు సంగతయ్యాక కూడానా?

శ్రీను: (నవ్వు) అది తియ్యకండి, అమ్మ వింటుంది. మీరే చెప్పండి, మన మధుబాబు గూఢచారి షాడో నవల తెచ్చుకున్నారు. వంద పేజీలు షాడో పక్కనుండే గంగారాం చిన్నప్పటి ముచ్చట్లే. వాడి ప్రేమలు, వాడి బెంగలు. షాడో పై అధికారి కులకర్ణి దగ్గర్నుంచి ఫోనే రాదు. ఊరుకుంటారా?

వదిన: గంగారామా? ఏకబిగిన చదివేస్తా.

శ్రీను: మీరు చదువుతారు. మా బ్యాచ్ చదవదు. షాడో అని పేరేశాక రెండో ఛాప్టర్‌కైనా మనిషి దిగాలి వదినా. అద్దె కట్టిందే ఆ పేరుకి.

వదిన: ఫ్లెమింగ్ ఈ నవలకి ముందు ఏడాదే ‘థండర్‌బాల్’ అనే బాండ్ నవల తెచ్చాడు. మళ్ళీ ఇంకో రెండు అణుబాంబులు ఎత్తుకుపోయేవాళ్ళని తేవాలా?

శ్రీను: తేనివ్వండి! మాకేం అభ్యంతరం?

వదిన: అదీ సంగతి. నీకు కొత్త పుస్తకం అక్కర్లేదు, పాతదే కొత్త అట్టతో కావాలి.

శ్రీను: అట్ట మాట మీరే ఎత్తారు. గంగారాం నవలకి అట్ట మీద ఎవర్నేస్తారు? షాడోనే. గంగారాం బొమ్మేస్తే ఎవరు ముట్టుకుంటారు?

వదిన: మీ అన్నయ్య ముట్టుకుంటారు.

శ్రీను: అన్నయ్య పంచాంగం కూడా చదువుతాడు, ఆయన్ని లెక్కలోకి తీసుకోకండి.

వదిన: చూడు, ఫ్లెమింగ్ దాచిందేం లేదు. లోపలి పేజీలో ఆ అమ్మాయి పేరు కూడా తనతో పాటు రచయితగా వేశాడు. లోకానికి బాండ్ బయటి నుంచి ఎలా కనిపిస్తాడో చూద్దామనుకున్నాడు. అందులో తప్పేముంది?

శ్రీను: తప్పు లేదు, నిద్రొచ్చింది.

వదిన: నాకు రాలేదు. ఇంగ్లండ్‌లో ఆ చదువుకునే కుర్రాడు మోసం చేస్తాడే, తర్వాత ఆ జర్మన్ వాడు కడుపు తీయించుకోమంటాడే, అక్కడ ఆ పిల్ల గొంతు నిజంగా వినపడింది. అందరూ బాండ్ ఆలస్యంగా వచ్చాడని గొడవ పడ్డారు. నాకైతే ఎందుకొచ్చాడా అనిపించింది. ఆయన రాగానే ఆమె కథ గాల్లో కలిసిపోయింది. పైగా ఆ ఒక్క వాక్యం... ఆడవాళ్ళకి కొంత బలవంతం ఇష్టమేనని ఆమె నోటితోనే చెప్పించాడు. పుస్తకం మూసి పక్కన పడేశాను.

శ్రీను: ...అది నాకూ నచ్చలేదు.

వదిన: బడి పిల్లలు బాండ్‌ని హీరో అనుకుని చదివేస్తున్నారు, వాళ్ళని హెచ్చరిద్దామని రాశానన్నాడు పబ్లిషర్‌కి. ఇదా హెచ్చరిక?

శ్రీను: (కాసేపాగి) ఆయనకే నచ్చినట్టు లేదు లెండి. విమర్శకులు ఉతికేశాక, ప్రయోగం బెడిసిందని ఒప్పుకున్నాడు. పేపర్‌బ్యాక్ వెయ్యొద్దన్నాడు. 1964లో పోయేదాకా ఇంగ్లండ్‌లో అది రాలేదు.

వదిన: సినిమా వాళ్ళకీ పేరే ఇచ్చాడు, కథ వాడొద్దన్నాడు. 1977 రోజర్ మూర్ సినిమాలో ఈ మోటెలే ఉండదు.

శ్రీను: మనవాళ్ళు ఫిల్మ్ ఛాంబర్లో టైటిల్ రిజిస్టర్ చేయించుకున్నట్టు! కానీ ఒకటి మిగిలింది. సినిమాలో జాస్ అనే విలన్‌కి ఉక్కు పళ్ళుంటాయి కదా, నవల్లో హారర్ అనే రౌడీకీ పళ్ళకి స్టీలు తొడుగులే. ఆ పళ్ళతోనే పొరటు...

వదిన: వచ్చేశావా మళ్ళీ.

శ్రీను: నవ్వకండి. ‘007 ఇన్ న్యూయార్క్’ అని చిన్న కథ ఉంది, అందులో వంటకం రాశాడు. నలుగురికి 12 గుడ్లు, దగ్గర దగ్గర 150 గ్రాముల వెన్న. సన్నటి సెగ మీద.

వదిన: నలుగురికి పన్నెండా? ఉల్లిపాయ?

శ్రీను: లేదు.

వదిన: పచ్చిమిరపకాయ?

శ్రీను: అదీ లేదు.

వదిన: ఇంకేం తిన్నట్టు? సరే, వచ్చేవారం ఇంకో బాండ్ నవల, ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’. దాంట్లో మొదట్లోనే బాండ్ తన పైవాణ్ణే చంపబోతాడు...

శ్రీను: మొదట్లోనే! చూశారా, మొదటి ఛాప్టర్ నుంచీ ఉన్నాడు!

వదిన: ఉండి ఏం చేశాడు? తర్వాతంతా జమైకాలో...

శ్రీను: వదినా, ఛార్జింగ్ రెండు శాతం చూపిస్తోంది.

వదిన: అయితే త్వరగా చెప్తా, ఆ స్కారమాంగా ఉన్నాడే, వాడు ఆ హోటల్లో