150 నిమిషాల్లో ఊరు ఖాళీ: సునామీకి మత్స్యకార గ్రామం ఎలా సిద్ధపడాలి

[తెర మీద: గోడ గడియారం. టైము 6:29.]

2004 డిసెంబర్ 26. ఆదివారం, మార్గశిర పౌర్ణమి. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. 9 దాటేసరికి అల విశాఖలోనూ చెన్నైలోనూ ఒడ్డుకు తగిలింది. మధ్యలో ఉన్నది దగ్గర దగ్గర రెండున్నర గంటలు. మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు దిగినవాళ్ళకి ఆ రెండున్నర గంటల్లో ఏ కబురూ అందలేదు. ఆంధ్ర తీరంలో ఆ రోజు వందమందికి పైగా పోయారు.

అదే ఉదయం పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే ఊళ్ళో సంగతి వేరు. సింగపూర్‌లో ఉన్న ఆ ఊరి మనిషి టీవీలో వార్త చూసి ఇంటికి ఫోన్ చేశాడు. ఊళ్ళో విజ్ఞాన కేంద్రం ఉంది, కానీ ఆ టైముకి తాళం వేసి ఉంది. తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళి, రోజూ అలల ఎత్తు చెప్పే మైకులోనే అందరినీ పరిగెత్తమని కేకలు వేశారు. ఇళ్ళు కూలాయి, పడవలు పోయాయి. మనుషులు మిగిలారు.

ఆ తాళం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

[తెర మీద: బంగాళాఖాతం మ్యాపు. సుమత్రా నుంచి మన తీరానికి గీత.]

ఇప్పుడు హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, అంటే సముద్ర సమాచారం చూసే జాతీయ కేంద్రం. 2007 అక్టోబర్ నుంచి అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. పెద్ద భూకంపం వస్తే సుమారు 10 నిమిషాల్లో మొదటి బులెటిన్ వస్తుంది. ఏ తీరానికి ఎంత ముప్పు, ఎన్నింటికి అల వస్తుంది అన్నవి తర్వాతి బులెటిన్లలో చెబుతారు. అల 2 మీటర్లు దాటుతుందనుకుంటే వార్నింగ్, అంటే ఊరు ఖాళీ చెయ్యాలి. అర మీటరు నుంచి 2 మీటర్ల దాకా అయితే అలర్ట్, ఒడ్డుకి ఎవరూ వెళ్ళకూడదు. అంతకన్నా తక్కువైతే వాచ్, కబురు కోసం చూస్తూ ఉండాలి.

సముద్రం 4 వేల మీటర్ల లోతున్న చోట సునామీ గంటకి 700 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఒడ్డు దగ్గర లోతు 10 మీటర్లకి తగ్గేసరికి వేగం గంటకి 36 కిలోమీటర్లకి పడిపోతుంది. వేగం తగ్గినకొద్దీ నీళ్ళు వెనకనుంచి ఒత్తుకొచ్చి ఎత్తు పెరుగుతుంది.

అండమాన్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ నేల గట్టిగా ఊగితే అదే హెచ్చరిక. ఊగుతున్నంతసేపూ తల కాపాడుకుని, ఆగీ ఆగగానే మెట్ట ఎక్కాలి. ఫోన్ కోసం చూస్తే ఉన్న కాస్త టైమూ పోతుంది. మన తీరంలో ఆ లెక్క పనికిరాదు. సుమత్రాలో భూమి బద్దలైనా కాకినాడ పక్కన పూరింట్లో పడుకున్నవాడికి తెలియకపోవచ్చు. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో వచ్చినప్పుడు విశాఖ అపార్ట్‌మెంట్లలో ఊపు తెలిసి జనం కిందికి దిగారు. పెద్ద అల రాలేదు, ఎందుకంటే ఆ భూకంపంలో పలకలు పక్కకి జరిగాయి తప్ప సముద్రం అడుగు పైకి లేవలేదు. నేల ఊగితే తెలుస్తుందిలే అనుకోవడం మన దగ్గర కుదరదన్న మాట. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గితే మాత్రం ఎవరి మాట కోసమూ ఆగొద్దు. అలాగని ప్రతిసారీ ముందు తగ్గాలనీ లేదు.

కాబట్టి మన ఊళ్ళకి ప్రాణం కబురు మీద ఉంది. కబురు హైదరాబాద్‌లో పుడుతుంది, జిల్లా కంట్రోల్ రూమ్ దాకా బాగానే వస్తుంది. ఇరుక్కునేది ఎక్కువగా చివరి 3 కిలోమీటర్లలోనే.

[తెర మీద: రాత్రి 2 గంటలు. బల్ల మీద సైలెంట్‌లో వెలుగుతున్న ఫోన్.]

150 నిమిషాల్లో జిల్లా నుంచి మండలానికి, అక్కడి నుంచి ఊరికి వచ్చేసరికి 40 నిమిషాలు పోయాయనుకుందాం. గ్రామ సచివాలయం ఉద్యోగి ఊళ్ళో ఉండడు, పట్నంలో ఉంటాడు. ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఇంకో 20 నిమిషాలు. మైకు గుడిలో ఉంది, తాళం పూజారి గారి దగ్గర, ఆయన కూతురి ఊరెళ్ళారు. ఇంకో 15. కరెంటు లేదు. బ్యాటరీ ఉంది కానీ వినాయక చవితి తర్వాత దాన్ని ఎవరూ ఛార్జింగ్ పెట్టలేదు. ఇలా సగం టైము తరిగిపోయింది, ఇంకా ఒక్క ఇల్లు కదల్లేదు.

అందుకని ముందుగా చెయ్యాల్సింది కబురు గొలుసు. ఊరికి కబురు అందే చోట్లు కనీసం మూడు ఉండాలి, అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడకూడదు. ఒకటి సచివాలయం. రెండోది దగ్గర్లోని మెరైన్ పోలీస్ స్టేషన్ లేదా హార్బర్. మూడోది ఊళ్ళోనే రాత్రి కాపలా వంతు. ఈ వంతు ఫోన్ ఒకటే నంబరుతో ఉండాలి, ఆ ఫోనే చేతులు మారాలి. మనుషుల నంబర్లు రాసుకుంటే ఎవరో సిమ్ మార్చేస్తారు. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070. ఈ రెండూ ఫోన్ వెనక అట్ట మీద అతికించండి. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ చూసి మైకు పట్టుకోకూడదు. 1077కి ఒక్క ఫోన్ చేసి ఖాయం చేసుకుని మొదలుపెట్టండి. ఒక్కసారి ఉత్తుత్తి పరుగు పెట్టిస్తే రెండోసారి ఊరు కదలదు.

ఇక మైకు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయర్, రెండు హారన్‌లు చాలు, ఒకటి ఒడ్డు వైపు, ఒకటి ఊరి వైపు. నెలకోసారి, ఉదాహరణకి ప్రతి అమావాస్య నాడు, కరెంటు తీసేసి బ్యాటరీ మీదే 15 నిమిషాలు వాయించి చూడాలి. కరెంటు మీద టెస్ట్ చేస్తే బ్యాటరీ చచ్చిపోయిన సంగతి బయటపడదు. చేతిమైకు ఉంటే సెల్స్ లోపల పెట్టి వదలొద్దు, కారి తుప్పు పట్టిస్తాయి. సెల్స్‌ని విడిగా కవర్లో పెట్టి మైకు పక్కనే ఉంచండి. ఏ కరెంటూ లేకుండా చేత్తో తిప్పే సైరన్ ఒకటి ఉంటే ఇంకా మంచిది. తాళం చెవులు మూడు చేయించి మూడు వీధుల్లో మూడిళ్ళకి ఇవ్వండి. పెద్ద ఖర్చేం కాదు.

గుడి మైకులో పాటలు, చావు కబుర్లు, రేషన్ బియ్యం చాటింపు అన్నీ వస్తాయి. సగం మంది వినడం మానేసి ఉంటారు. సునామీకి వేరే సద్దు కావాలి. నిమిషం సైరన్, పది సెకన్లు ఆపడం, మళ్ళీ నిమిషం. ఇది తుఫానుకి వాడకూడదు. తర్వాత చదివే మాట కాగితం మీద ముందే రాసి, లామినేషన్ చేసి, మైకుకే కట్టండి:

[తెర మీద అక్షరాలు.]

"సునామీ హెచ్చరిక వచ్చింది. ఇది మాక్ డ్రిల్ కాదు. ఎవరూ ఒడ్డుకి వెళ్ళొద్దు. గంగమ్మ గుడి వీధి వాళ్ళు చెరువుగట్టు మీదుగా హైస్కూలుకి నడవండి. బండ్లు తియ్యొద్దు."

వీధి పేరు, దారి పేరు, చేరాల్సిన చోటు. రిక్టర్ లెక్కలు, అల ఎత్తు ఇందులో అక్కర్లేదు. ఎత్తు చెబితే "ఎంతొస్తుందో చూద్దాం" అని కుర్రాళ్ళు సెల్ పట్టుకుని ఒడ్డుకే పోతారు.

[తెర మీద: తెల్లవారుజామున ఒడ్డు. పడవలు వెళ్ళిపోయాయి.]

ఇప్పుడు మనుషులు. చాలా ఊళ్ళల్లో గ్రామ కమిటీ అంటే పాతికమంది మగవాళ్ళ పేర్లు రాసి బోర్డు పెడతారు. అక్కడే దెబ్బ తింటుంది. తెల్లారి 4 గంటలకి వాళ్ళు వేటలో ఉంటారు. శ్రీకాకుళం ఊళ్ళ నుంచైతే నెలల తరబడి గుజరాత్ వెరావల్‌లో ఉంటారు. (అక్కడ ముప్పు సుమత్రా నుంచి కాదు, పాకిస్తాన్, ఇరాన్ తీరంలోని మక్రాన్ వైపు నుంచి. 1945 నవంబర్‌లో అక్కడ వచ్చిన భూకంపానికి మన పడమటి తీరంలో సునామీ పడింది.) కాబట్టి జట్టు పగలూ రాత్రీ ఊళ్ళో ఎవరుంటారో వాళ్ళతో కట్టాలి. దీనికి పొదుపు సంఘాలే మా లెక్కలో గట్టి పునాది. పదేసి మంది చొప్పున ఇప్పటికే సంఘాలు కట్టుకుని ఉన్నారు, ఎవరింట్లో ఎవరున్నారో నోటికి వచ్చు. ఒక్కో సంఘానికి ఒక వీధి అప్పగించండి.

కానీ కులపెద్దల్ని పక్కనపెట్టి ఈ పని చెయ్యబోతే జరగదు. పెద్దకాపు మాటకి ఊరు కదిలినట్టు సర్కారు కాగితానికి కదలదు. గ్రామసభ తీర్మానంతో పాటు ఊరి దురాయిలో, అంటే కులపెద్దలు పెట్టే ఊరి కట్టుబాటులో కూడా, మూడు కట్టుబాట్లు పెట్టించండి: సైరన్ మోగాక ఒడ్డుకి పోకూడదు, దారిలో పడవ, వల అడ్డం పెట్టకూడదు, కబురు వచ్చేదాకా వెనక్కి రాకూడదు.

వీధి సంఘం ఇంటింటికీ తిరిగి ఒక పుస్తకం రాస్తుంది. ఇంట్లో ఎంతమంది, ఎవరు నడవలేరు, ఎవరు గర్భిణి, ఎవరు ఒంటరి ముసలి. నడవలేని ప్రతి మనిషికీ మోసేవాళ్ళ పేర్లు రెండు ఉండాలి, ఆ ఇద్దరూ వేటకెళ్ళేవాళ్ళు కాకూడదు. స్ట్రెచర్ లేదని దిగులొద్దు. రెండు గట్టి వెదురు గెడలు, మధ్యలో దుప్పటి కాకుండా వల గుడ్డ, నలుగురు మనుషులు. దుప్పటి తడిస్తే జారిపోతుంది.

[తెర మీద: చేత్తో గీసిన ఊరి మ్యాపు.]

దారికి లెక్క ఇదీ. ముసలివాళ్ళతో కలిసి నడిస్తే నిమిషానికి 50 మీటర్లు వేసుకోండి. 2 కిలోమీటర్లకి 40 నిమిషాలు. పగలొకసారి, రాత్రొకసారి ఆ దారిలో నిజంగా నడిచి చూడాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మెట్ట ఎక్కడా లేదు. అక్కడ దూరం పోవడమో, గట్టి శ్లాబు మేడ పై అంతస్తుకి ఎక్కడమో, రెండే దారులు. ఒడ్డుకి అడ్డంగా ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు ఉన్నచోట కొంత కాపు ఉంటుంది, కానీ పడవలు లాక్కోవడానికి దిబ్బ తవ్విన గండిలోంచి నీళ్ళు దూసుకొస్తాయి. మీ దారి ఆ గండికి ఎదురుగా ఉంటే మార్చండి. ఉప్పుటేరు గట్టు కూడా వద్దు. ఏటి వెంబడి నీళ్ళు ఊరికన్నా ముందే లోపలికి పోతాయి. ఊరికి ఉన్నది ఒకటే వంతెన అయితే దాని మీద ట్రాక్టర్ ఒకటి ఆగిపోయినా అందరూ చిక్కుకుంటారు, అందుకే బండ్లు వద్దనేది.

తుఫాను షెల్టరు ఒడ్డుకి దగ్గర్లో ఉంటే అది సునామీకి పనికొస్తుందో లేదో ఇంజినీరుతో రాయించుకోండి, ఊహ మీద నమ్మొద్దు. జిల్లా విపత్తుల శాఖ దగ్గర ముంపు మ్యాపు అడిగి తీసుకుని, ఆ గీత ఎక్కడిదాకా వస్తుందో కరెంటు స్తంభాల మీద రంగు వేయించండి. కాగితం మీద మ్యాపు ఆఫీసులోనే ఉండిపోతుంది. స్తంభం మీది నీలం గీతని రోజూ బడికెళ్ళే పిల్లలు చూస్తారు.

పడవల మాట. వేటలో ఉన్నవాళ్ళు ఒడ్డుకి తిరిగి రాకూడదు. కనీసం 100 మీటర్ల లోతుకి, మన లెక్కలో 55 బారలకి, పోయి ఉండాలి. అక్కడ అల పడవ కింద నుంచి పోయినట్టు కూడా తెలియదు. వాళ్ళకి సెల్ అందదు, కాబట్టి వీహెచ్ఎఫ్ సెట్టు (వైర్‌లెస్ రేడియో) ఉన్న పడవ ఒకటి ప్రతి జట్టులో ఉండాలి. ఒడ్డున లంగరేసి ఉన్న పడవని లోతుకి తీసుకుపోవాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. అల రావడానికి గంటకన్నా తక్కువ ఉంటే పడవ వదిలెయ్యండి. ఆ క్షణంలో ఎవరికీ మనసు ఒప్పదు, అందుకే ఈ మాట ముందే రాసి పెట్టుకోవాలి.

[తెర మీద: పాలిథిన్ కవర్, లోపల కాగితాలు.]

సంచి చిన్నది చాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పడవ రిజిస్ట్రేషన్ పాలిథిన్ కవర్లో. వారానికి సరిపడా మందులు. రెండు లీటర్ల నీళ్ళు, టార్చి. గేదెల్ని ముందే కట్టు విప్పెయ్యండి.

[తెర మీద: రిజిస్టర్‌లో నాలుగు గడులు.]

ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయ్‌పూర్, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి 2020లో యునెస్కో 'సునామీ రెడీ' గుర్తింపు తెచ్చుకున్నాయి. గంజాం తీరంలో మత్స్యకార వాడల్లో తెలుగే వినిపిస్తుంది, మనకి దూరమేం కాదు. 2024లో ఇంకో 24 ఒడిశా గ్రామాలు చేరాయి. దానికి 12 షరతులున్నాయి. అందులో ఏడాదికి కనీసం మూడుసార్లు అవగాహన కార్యక్రమాలు, రెండేళ్ళకోసారైనా మాక్ డ్రిల్.

డ్రిల్ అంటే ఫొటోలు కాదు. నాలుగు టైములు రాయాలి: కబురు అందింది ఎప్పుడు, సైరన్ మోగింది ఎప్పుడు, మొదటి ఇల్లు కదిలింది ఎప్పుడు, చివరి మనిషి చేరింది ఎప్పుడు. రెండో గడికీ మూడో గడికీ మధ్య ఎక్కువ పోతే జనం నమ్మలేదన్న మాట. మూడుకీ నాలుగుకీ మధ్య పోతే దారిలోనో మోసేవాళ్ళలోనో లోపం. పోలీసులకీ పక్క ఊళ్ళకీ ముందే చెప్పి చెయ్యండి, నిజంగా మంచాన ఉన్నవాళ్ళని కదిలించకుండా వాళ్ళ బదులు ఇసుక బస్తా మొయ్యండి.

హైస్కూలు దగ్గర వీధి సంఘం లీడరు పుస్తకం పట్టుకుని లెక్క తీస్తుంది. మొదటి అల పోగానే ఇల్లు చూసి వస్తామని కొందరు బయలుదేరతారు. రెండోదో మూడోదో ఇంకా పెద్దది రావచ్చు. అలకీ అలకీ మధ్య 10 నిమిషాలు ఉండొచ్చు, గంటా ఉండొచ్చు. జిల్లా నుంచి ముప్పు తొలగిందన్న మాట వచ్చేదాకా గేటు దగ్గర ఇద్దరు నిలబడాలి, వాళ్ళు ఊళ్ళో అందరూ భయపడే అత్తలో పెద్దమ్మలో అయితే పని సులువు.

ఇళ్ళకి చేరాక నుయ్యి నీళ్ళు తాగొద్దు. మోటారు పెట్టి ఒక్క రోజులో తోడిపోస్తే ఉప్పు పోతుందనుకుంటారు. ఇసుక నేలలో మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి, గట్టిగా తోడితే కింద ఉప్పు పైకొస్తుంది. చెత్త తీసి, మెల్లగా కొద్దికొద్దిగా తోడి, వానల దాకా ట్యాంకరు నీళ్ళే వాడండి.