టిఫిన్ హోటలుకు పద్దెనిమిది కార్ల చోటు

సభకు నమస్కారం. పండగ కార్యక్రమాల మధ్య పార్కింగ్ వంటి విషయానికి సమయం ఇచ్చిన మన సంఘం పెద్దలకు కృతజ్ఞతలు. ప్రతి దుకాణం కనీసం ఇన్ని కార్లకు చోటు చూపించాలని టెక్సస్‌లోని మన ఊరు పెట్టిన నిబంధనను ఎత్తివేయమని అడుగుదాం రండి అని చెప్పడానికే నిలబడ్డాను.

మొన్న మంగళవారం సాయంత్రం 7 గంటలకు మా అబ్బాయి, నేను కొలత టేపు పట్టుకుని మన కిరాణా దుకాణాల వరుస ముందున్న పార్కింగ్‌కు వెళ్లాం. ఒక్కో గడి 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉంది. కారు రావడానికి, తిరగడానికి వదిలిన దారి కూడా కలిపితే ఒక్క కారుకు 300 చదరపు అడుగుల పైనే పోతోంది. పెళ్లయిన కొత్తలో మేం కూకట్‌పల్లిలో అద్దెకున్న గది, వంటిల్లు కలిపితే దాదాపు అంతే. మొత్తం 142 గడులు లెక్కపెట్టాం. నిలిపిన కార్లు 37. మిగిలినదంతా ఖాళీ తారునేల. సూర్యుడు దిగినా దాని వేడి చెప్పుల్లోంచి తగులుతూనే ఉంది.

మన మధ్యే ఉన్న ఒక దంపతుల సంగతి, వారి అనుమతితోనే చెబుతున్నాను. ఆవిడది గుంటూరు వైపు. మన గుడి ప్రసాదాల వంట పదేళ్లుగా ఆవిడ చేతి మీదే నడుస్తోంది. రెండేళ్ల కిందట ఇక్కడికి దగ్గర్లో పాత లాండ్రీ దుకాణం ఒకటి ఖాళీ అయింది. 1,800 చదరపు అడుగులు. టిఫిన్ హోటలు పెడదామనుకున్నారు. అద్దె కుదిరింది, పిండి రుబ్బే యంత్రం ధర కూడా కనుక్కున్నారు. అప్పుడు తెలిసింది, ఊరి పార్కింగ్ నిబంధనలో లాండ్రీకి ఒక లెక్క, హోటలుకు ఇంకో లెక్క అని. హోటలైతే ప్రతి 100 చదరపు అడుగులకు ఒక కారు చోటు చూపించాలి. అంటే 18. ఆ దుకాణానికి ఉన్నవి 7.

ఒక్కసారి ఆలోచించండి. మనుషులు కూర్చుని తినే చోటుకు మూడింతలు కార్లకు ఇవ్వాలట. మిగతా 11 చోట్ల కోసం పక్కవాళ్లతో ఒప్పందం రాయించుకోవాలి, లేదంటే మినహాయింపు అడుగుతూ ఫీజు కట్టి విచారణకు నిలబడాలి. ఖాళీ దుకాణానికి అద్దె కడుతూ నాలుగు నెలలు తిరిగారు. ఐదో నెలలో తాళాలు తిరిగి ఇచ్చేశారు. దుకాణం ఈరోజుకీ మూసే ఉంది. ‘త్వరలో ప్రారంభం’ అని అద్దానికి అంటించిన కాగితం ఎండకు వెలిసిపోయింది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఆ లెక్క ఎక్కడిది? 1923లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరం అపార్ట్‌మెంట్లకు ఇలాంటి నిబంధన పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అది దేశమంతా పాకింది. ఒక ఊరి నిబంధన చూసి పక్క ఊరు రాసుకుంది. బౌలింగ్ ఆటస్థలానికి ఒక్కో ఆట వరుసకు ఇన్నని, గుడికీ చర్చికీ కూర్చునే చోటును బట్టి ఇన్నని. ఈతకొలనులో పట్టే నీళ్లను గ్యాలన్లలో కొలిచి కారు చోట్లు అడిగిన ఊళ్లు కూడా ఉన్నాయి. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) ఆచార్యుడు డొనాల్డ్ షూప్ జీవితంలో ఎక్కువ భాగం ఈ లెక్కలను తవ్వడానికే వెచ్చించారు. వీటి కింద శాస్త్రం ఏమీ లేదని, ఉచితం అనిపించే పార్కింగ్ ఖర్చు అద్దెలోకీ సరుకుల ధరలోకీ చేరుతుందని, కారు లేనివాడు కూడా దాన్ని మోస్తున్నాడని ఆయన ఓపికగా చూపించారు. 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. నాకు ఆయన గురుతుల్యులు.

ఇప్పుడు ఆ నిబంధనలు ఒక్కొక్కటిగా పోతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో 2017లో తీసేసింది. మినియాపొలిస్ 2021లో, శాన్ హోసే 2022లో అదే బాట పట్టాయి. మన టెక్సస్‌లోనే ఆస్టిన్ 2023 నవంబరులో నగరం మొత్తానికి ఎత్తివేసింది. అప్పటికి అమెరికాలో అంత పెద్ద నగరం ఏదీ ఆ పని చేయలేదు. పక్కనున్న డాలస్ 2025 మేలో చాలావరకు సడలించింది. మన శివారు ఊరు మాత్రం ఇంకా పాత పుస్తకం పట్టుకుని కూర్చుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపులో ‘పార్కింగ్ తీసేస్తారట’ అని ఎవరో పెట్టారు. పార్కింగ్‌ను ఎవరూ తీసేయడం లేదు. ఎన్ని గడులు కావాలో కట్టేవాడు, వ్యాపారం చేసేవాడు తేల్చుకుంటాడు, అంతే. బఫలోలో నిబంధన పోయాక వచ్చిన పెద్ద నిర్మాణాలను పరిశోధకులు పరిశీలిస్తే, 47 శాతం పాత లెక్క కంటే తక్కువ పార్కింగ్ పెట్టాయి. మిగతావాళ్లు అంతే పెట్టారు, లేదా ఇంకా ఎక్కువ పెట్టారు. అవసరం ఉన్నవాడు ఎవరూ చెప్పకుండానే కట్టుకున్నాడు. దివ్యాంగుల చోట్ల గురించి కూడా కొందరు అడిగారు. ఆస్టిన్ మిగతా లెక్క ఎత్తివేసినా ఆ చోట్ల నిబంధనను మాత్రం ఉంచింది. మనమూ అదే అడుగుతున్నాం.

‘వైకుంఠ ఏకాదశి నాడు గుడి దగ్గర చోటు ఉండదు కదా’ అని మొన్న ఒక పెద్దాయన అడిగారు. నిజమే, ఆ రోజు ఉండదు. కానీ ఏడాదికి ఐదారు రోజుల రద్దీ కోసం తక్కిన రోజులన్నీ ఖాళీగా పడి ఉండే నేలను చందాల డబ్బుతో కొన్నాం. ఆ డబ్బుతో ఇంకో రెండు తరగతి గదులు కట్టి ఉంటే, తెలుగు బడి పిల్లలు భోజనాల హాలులో బల్లల మధ్య కూర్చోవలసిన అవసరం ఉండేది కాదు. పండగ నాడు పక్క బడి మైదానం అడగవచ్చు, బస్సు నడపవచ్చు.

మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉంది. కొత్తిమీర కట్ట కావాలన్నా నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగేది. కొట్టు మైలు దూరం కూడా లేదు. ఆ దూరంలో ఎక్కువ భాగం పార్కింగే. దాన్ని ఒకసారి ఒంటరిగా దాటబోయి, వెనక్కి వస్తున్న కారును చూసి ఆగిపోయింది. ఆ తరువాత ఎప్పుడూ ప్రయత్నించలేదు. నిబంధన పోయిన మర్నాడే కొట్టు దగ్గరికి జరగదని నాకూ తెలుసు. కానీ ఈ నిబంధన ఉన్నంతకాలం దగ్గర్లో ఇంకో కొట్టు రావడం కష్టం.

   

ఈ నిబంధన మీద ప్లానింగ్ కమిషన్, అంటే ఊరిలో ఎక్కడ ఏం కట్టాలో చూసే సంఘం, జనం మాట వినే విచారణ వచ్చే నెలలో ఉంది. తరువాత సిటీ కౌన్సిల్. అక్కడ ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. మేం హెచ్-1 వీసా వాళ్లం, ఓటు లేదు, మా మాట ఎవరు వింటారు అని అనుకోకండి. మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ఈ ఊరిలో అద్దె కడుతున్నారు, పన్ను కడుతున్నారు, మీ పిల్లలు ఇక్కడి బడిలో చదువుతున్నారు. కిందటిసారి విచారణకు నేను వెళ్లాను. మాట్లాడింది పదకొండు మంది, పది మంది నిబంధన ఎత్తివేతకు వ్యతిరేకమే. పదకొండోవాడిని నేను. ఈ ఊరిలో మన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇంగ్లీషు ఉచ్చారణ గురించి దిగులు పడకండి. కాగితం చూసి చదివినా చాలు. మీ ఇంటి సంగతి, మీ వీధి సంగతి చెప్పండి. గుంటూరు ఆవిడ ఈసారి తానే మాట్లాడతానన్నారు. నేను మంగళవారం లెక్క చదువుతాను, 142 గడులు, 37 కార్లు. పేర్లు రాసుకునే కాగితం వెనుక బల్ల మీద, కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టాను. పెన్ను కూడా అక్కడే ఉంది.