పగలగొట్టకుండా చెప్పే లెక్క

అందరికీ నమస్కారం. అమలాపురంలో ప్రధాన సంఖ్యల గురించి మాట్లాడమనగానే నాకు మా పెరట్లో కొబ్బరి రాశి గుర్తొచ్చింది. దింపు అయ్యాక పిల్లలం కాయల్ని వరసలుగా పేర్చేవాళ్లం. 30 అయితే ఐదేసి చొప్పున ఆరు వరసలు. ఇంకొకటి కలిపి 31 చేస్తే ఎలా పేర్చినా వరసలు సమంగా కుదరవు. అలా కుదరని సంఖ్యే ప్రధాన సంఖ్య, మీరు క్లాసులో చెప్పుకునే ప్రైమ్ నంబర్.

ఐదు రెండ్లను గుణిస్తే 32, ఒకటి తీసేస్తే 31. ఇలా వచ్చేవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. అన్నీ ప్రధాన సంఖ్యలు కావు. పదకొండు రెండ్లతో వచ్చే 2047, 23ని 89తో గుణిస్తే వచ్చేదే. 2024 అక్టోబరులో దొరికిన, అప్పటికి తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్యలో 13,62,79,841 రెండ్లు ఉన్నాయి. రాస్తే 4,10,24,320 అంకెలు. పేజీకి రెండు వేల అంకెలు వేసినా ఇరవై వేల పేజీలు దాటుతుంది.

అంత సంఖ్యను ఒక్కొక్క దానితో భాగిస్తూ కూర్చుంటే ఏ కంప్యూటరూ తేల్చలేదు. మరి ఎలా తేల్చారు?

గుడికి తీసుకెళ్లే కాయను ఏరేటప్పుడు మా మేనత్త చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. నీళ్ల చప్పుడు విని మంచిదో కాదో చెప్పేసేది, పగలగొట్టక్కర్లేదు. ఈ సంఖ్యలను తేల్చే పద్ధతీ అలాంటిదే. ఫ్రాన్స్‌కు చెందిన లూకాస్ మొదలుపెట్టగా, 1930లలో అమెరికా గణితవేత్త లెహ్మర్ సులువు చేశారు.

31తోనే చూద్దాం. 4తో మొదలుపెట్టండి, మన పెద్దల లెక్కలో ఒక పుంజీ. దాన్ని దానితోనే గుణించి 2 తీసేస్తే 14. మళ్లీ అలాగే చేస్తే 194. ఇది 31 దాటింది కాబట్టి భాగించి శేషం ఉంచుకుంటాం: 8. ఇంకోసారి: ఎనిమిది ఎనిమిదులు 64, రెండు తీస్తే 62. 31తో భాగిస్తే శేషం సున్నా! రెండ్లు ఐదు కాబట్టి అందులో రెండు తగ్గించి మూడుసార్లు చేశాం. ఆఖరి శేషం సున్నా అయితే ప్రధాన సంఖ్య, కాకపోతే కాదు. ఆ 4 కోట్ల అంకెల సంఖ్యకూ ఇదే పద్ధతి, కాకపోతే 13 కోట్ల పైచిలుకు సార్లు.

నా మటుకు నాకు ఆ రికార్డు కంటే 1876 గొప్పగా అనిపిస్తుంది. 127 రెండ్లతో వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యేనని లూకాస్ ఆ ఏడాది చేత్తో లెక్కేసి తేల్చారు. 1951 దాకా, అంటే 75 ఏళ్లు, దాన్ని మించింది రాలేదు. అప్పుడే 67 రెండ్ల సంఖ్య ప్రధాన సంఖ్య కాదనీ చెప్పారు. కానీ దాని కారణాంకాలు ఎవరికీ తెలియవు! 1903లో అమెరికా గణితవేత్త కోల్ వాటిని పట్టుకున్నారు: 193707721, 761838257287. ముక్కలవుతుందని ముందే తెలిసింది, ముక్కలు మాత్రం 27 ఏళ్ల తర్వాత దొరికాయి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మీ వంతు. ఏడు రెండ్లతో వచ్చే 127 తీసుకోండి. ఐదుసార్లు చేయాలి. 4 తర్వాత 14, 67, 42, 111 వస్తాయి. ఆఖరి మెట్టు నేను చెప్పను. సుద్దముక్క ఇదిగో, ఎవరొస్తారు?